మూత బరువైంది: ఉడుతల మేతపెట్టెతో నా రెండు చలికాలాలు

మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. కిందటేడు నవంబరులో వచ్చినప్పుడు సూట్‌కేసు అడుగున తువ్వాలులో చుట్టి ఒక చెక్కపెట్టె తెచ్చాడు. "అమ్మా, ఇది నీకు కాదు, నీ ఉడుతలకి" అన్నాడు. వాళ్ల వీధిలో చాలా ఇళ్ల వెనక చెట్లకి ఇలాంటివి బిగించి ఉంటాయట. ఇప్పుడు మన దగ్గరా ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. కొనాలనుకునేవాళ్లకి పనికొస్తుందని, రెండు చలికాలాలు వాడాక రాస్తున్నాను.

జానెడున్నర ఎత్తున్న సీడార్ చెక్క పెట్టె. ముందు వైపు లోపలి గింజలు కనిపించేలా ప్లాస్టిక్ పలక, దాని కింద కూర్చోడానికి చిన్న అరుగు, పైన వాలుగా మూత. ఉడుత అరుగు మీద కూర్చుని, తలతో మూత పైకి నెట్టి గింజ తీసుకోవాలి. ధర 25 డాలర్లు, అంటే మన లెక్కలో రెండు వేల పైచిలుకు. చెక్క మంచిది. వానకి ఉబ్బలేదు, పగలలేదు, చెదలు పట్టలేదు. ఆ విషయంలో పూర్తి మార్కులు.

మాది విశాఖపట్నంలో మాధవధార. వెనక సింహాచలం కొండ, చుట్టూ అపార్ట్‌మెంట్లు, మధ్యలో మా పాత ఇల్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానులో పెరట్లో పెద్ద మామిడిచెట్టు వేళ్లతో సహా పడిపోయింది. దాని కొమ్మల సందులో కొబ్బరిపీచు, పాత గుడ్డపేలికలు అల్లుకున్న ఉడుతగూడు కూడా పోయింది. ఇప్పుడు మిగిలింది ఒక జామచెట్టు, ఒక కొబ్బరిచెట్టు. మన చలికాలంలో మేత పెట్టకపోయినా ఉడుతలు చచ్చిపోవు, ఆ సంగతి నాకు తెలుసు. నేను 31 ఏళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. కానీ మా చుట్టుపక్కల ఒక్కొక్క చెట్టూ పోయి వాటి చోట పార్కింగ్ వచ్చింది. పొద్దున్నే ఎండ కోసం గోడెక్కి కూర్చునే ఆ ప్రాణులకి గుప్పెడు గింజలు పెట్టాలని నాకు అనిపిస్తుంది. అంతే.

జామచెట్టు మానుకి, నా తల కంటే జానెడు ఎత్తులో పెట్టె బిగించి, వేరుశనగ గుళ్లు పోశాం. మొదట వచ్చింది మొండితోక. దాని తోక సగం ఎప్పుడో, బహుశా పిల్లి నోట్లో, తెగిపోయింది. వచ్చి అరుగు మీద కూర్చుంది. పలక అవతల గుళ్లు కనిపిస్తున్నాయి. ముక్కు ఆనించింది, గోళ్లతో గీకింది, మూతి తిప్పి పక్కనుంచి చూసింది. తర్వాత మూత మీదికెక్కి అక్కడే కూర్చుండిపోయింది. తినాల్సిన తిండి దాని కాళ్ల కిందే ఉంది. మూడు రోజులు అదే వరస. నాకు ప్రాణం ఉసూరుమంది.

మూడో రోజు మూత ఊడదీసి వంటింటి కాటా మీద పెట్టాను. 260 గ్రాములు.

అప్పుడు అర్థమైంది. ఈ పెట్టె చేసింది అక్కడి బూడిదరంగు ఉడుతల కోసం. అవి 400 నుంచి 600 గ్రాముల దాకా తూగుతాయి. శరదృతువులో ఓక్ గింజల్ని ఒక్కొక్కటిగా నేలలో పాతిపెట్టుకుని, చలికాలం మొత్తం నిద్రపోకుండా, జ్ఞాపకంతో, వాసనతో వెతికి తవ్వుకుంటాయి. మంచు గట్టిగా పడ్డ రోజుల్లో వాళ్లు పెట్టే మేత అక్కరకొస్తుంది. వాటికి ఈ మూత లెక్కలోది కాదు. మన మూడుచారల ఉడుత ఇంచుమించు 100 గ్రాములు. 55 కిలోల మనిషి 140 కిలోల తలుపు నెత్తితో ఎత్తి అన్నం తినమన్నట్టు ఉంది. అమ్మేవాళ్లు అట్టపెట్టె మీద ఉడుత బొమ్మ వేశారు గానీ ఏ ఉడుతకో రాయలేదు. మన దేశంలో అమ్మేవాళ్లయినా ఈ ఒక్క ముక్క రాయాలి.

కొన్నాళ్లు మూత కింద కొబ్బరిపుల్లల కట్ట ఇరికించి నెట్టుకొచ్చాను. సంక్రాంతికల్లా ఇంకో తంటా వచ్చింది. మన సముద్రపు గాలికి ఇనప మడతబందులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. మా వీధి చివర వడ్రంగి చేసే అబ్బాయిని పిలిచాను.

"మూత తీసేద్దామా అమ్మా?" అన్నాడు.

"తీస్తే మంచుకి గింజలు మెత్తబడతాయి బాబూ. బూజొస్తుంది."

కాసేపు ఆలోచించి, పల్చటి ప్లైవుడ్‌తో కొత్త మూత కోసి, ముందు వైపు రెండు వేళ్ల సందు వదిలి, ఇత్తడి బందులు వేశాడు. 150 రూపాయలు తీసుకున్నాడు. మర్నాడు ఎండ గోడ మీదికి వచ్చేవేళకి మొండితోక ఆ సందులో తల పెట్టి గింజ తీసుకుంది. రెండు చేతుల్తో పట్టుకుని, పొట్టు తిప్పి తిప్పి ఒలిచి, పప్పు మాత్రం తింది. పొట్టు అరుగు మీద రాలింది. నేను కాఫీ గ్లాసు పట్టుకుని ఆ రాలిన పొట్టునే చూస్తూ నిలబడ్డాను. మా వారు రెండుసార్లు పిలిచారట, వినపడలేదు.

బూజు అన్నాను కదా, దాని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. వేరుశనగకి తడి తగిలితే పట్టే బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, అది కాలేయాన్ని పాడుచేస్తుంది. అందుకే పెట్టె నిండా పోయకండి, ఏ పూటకి ఆ పూట గుప్పెడు చాలు. నేను సీతమ్మధార రైతుబజారులో పచ్చి గుళ్లు అరకిలో చొప్పున తెచ్చుకుంటాను. ఉప్పు వేసి వేయించినవి, మసాలా పల్లీలు, బిస్కెట్లు, కారప్పూస పెట్టొద్దు. ధనుర్మాసంలో ఇంటింటికీ ప్రసాదాలొస్తాయి, ప్రేమకొద్దీ పొంగలి ముద్ద పెట్టేవాళ్లని చూశాను. దయచేసి వద్దు. అలాగని రోజూ వేరుశనగే పెట్టినా మంచిది కాదు, అందులో కాల్షియం తక్కువ. మా ఇంట్లో ఒకరోజు గుళ్లు, ఒకరోజు జామముక్కలు, ఒకరోజు పచ్చికొబ్బరి. పక్కన మట్టిమూకుడులో నీళ్లు. వారానికోసారి పెట్టె కడిగి ఎండబెడతాను. ఈ పెట్టెలో ప్లాస్టిక్ పలక పైకి లాగితే వచ్చేస్తుంది కాబట్టి కడగడం తేలిక. అది బాగా ఆలోచించి చేశారు.

పక్కింటి వదినగారు మొదట్లో భయపడ్డారు. "మీరు గింజలు పెడితే ఎలకలు మరుగుతాయండీ, మా ఇంట్లోకొస్తాయి" అన్నారు. ఆవిడ మాట నిజమే. ఉడుతలు పగటి జీవులు, చీకటిపడ్డాక గింజలు ఉంటే అవి ఎలకలకే. అందుకని సాయంత్రం అయిదింటికి మిగిలినవి తీసేసి చెట్టుకింద ఊడుస్తాను. ఇప్పుడు ఆవిడే కొబ్బరిచిప్పలు దాచి ఇస్తున్నారు.

మన ఉడుత శాస్త్రీయనామం ఫునాంబులస్ పాల్మారమ్. లాటిన్‌లో మొదటి మాటకి తాడు మీద నడిచేవాడని అర్థం. క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను, పిల్లలు రాసుకున్నారు. కానీ మొండితోక స్తంభం నుంచి మా గోడకి వచ్చే కేబుల్ వైరు మీద, ఆ సగం తోకనే అటూ ఇటూ ఊపి నిలదొక్కుకుంటూ పెట్టె దగ్గరికి రావడం చూశాకే ఆ పేరు నాకు పూర్తిగా తెలిసినట్టనిపించింది. పిల్లి కనిపిస్తే ఆ వైరు మీదే ఆగి, తోక విదిలిస్తూ చిక్ చిక్ మని అరుస్తుంది. పెట్టె దగ్గరున్న మిగతావి క్షణంలో మాయం. పెట్టె బిగించేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. పిల్లి గోడమీంచి అందుకునే చోట వద్దు, ఉడుత పైకి పారిపోవడానికి కొమ్మో వైరో దగ్గర్లో ఉండాలి.

కొన్నది కొన్నట్టుగా అయితే అయిదుకి రెండే ఇస్తాను. ఇత్తడి బందులు, పల్చటి మూత వేశాక నాలుగు. చెక్కపని చేసేవాళ్లు తెలిసుంటే విదేశీ పెట్టె కొనకండి, ఈ కొలతలతో ఇక్కడే చేయించుకోండి.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో మొండితోకని చూపించాను. దాని వెనకాల ఈ ఏడాది కొత్తగా రెండు చిన్నవి వస్తున్నాయి. "ఇంకో పెట్టె తెమ్మంటావా?" అన్నాడు అబ్బాయి. మూత తూచి ఎంతుందో చెప్పమన్నాను.