రాళ్లెక్కడానికి జిప్సీనా, పాత మహీంద్రా జీపా?

పాత ఫోర్‌బైఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండి) కొని బండరాళ్లు ఎక్కించాలనుకునేవాళ్ల నోట మన దగ్గర ఎక్కువగా వినపడే పేర్లు రెండు: మారుతీ జిప్సీ, మహీంద్రా ఎంఎం 540. రెండింటికీ విడి ఛాసిస్ (బాడీ కింద వేరే ఉక్కు చట్రం), ముందూ వెనకా రెండు చక్రాలనూ కలిపే ఒకే నిలువెత్తు కడ్డీలాంటి యాక్సిళ్లు, కమాను పట్టీల స్ప్రింగులు. అక్కడిదాకా అన్నదమ్ములే.

జిప్సీ బలం దాని బక్కతనం. బరువు టన్ను అటూ ఇటూ. ఇరుక్కుంటే నలుగురు పట్టి నెట్టేయొచ్చు. కానీ జిప్సీ కింగ్‌లోని 1.3 లీటర్ల పెట్రోలు ఇంజను బాగా తిరిగితేనే లాగుతుంది. రాళ్ల మీద కావలసింది నడక కన్నా నెమ్మది. పెద్ద టైర్లు వేశారంటే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్లకు శక్తి పంచే గేర్ల పెట్టె)లోని లో గేరు చాలదు, క్లచ్ కాలిన వాసన మొదలవుతుంది. అందుకే మొదటి డబ్బు ఆ గేర్లకే పెట్టాలి, ఎత్తు పెంచే కిట్‌కి కాదు. ఫొటోల కోసం లేపేవాళ్ల సంగతి వేరు! స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ తొక్కితే ముందు యాక్సిల్ జాయింట్ పటుక్కుమనే ప్రమాదమూ ఉంది.

540లో 2.1 లీటర్ల ప్యూజో డీజిల్. యాక్సిలరేటర్ పెద్దగా తొక్కకుండానే డుగ్గుడుగ్గుమంటూ ఎక్కుతుంది. ఏ ఊరి మెకానిక్కయినా విప్పగలడు. బరువు మాత్రం ఎక్కువ, కొనేముందు ఛాసిస్ తుప్పు చూసుకోవాలి.

కొత్తవాళ్లకు నేను జీపే చెబుతాను. ట్రాన్స్‌ఫర్ కేసు గేర్లు మార్పించే ఓపికుంటే జిప్సీయే. ఏదైనా సరే, రిజిస్ట్రేషన్‌లో ఉన్నదానికి భిన్నంగా మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. బండిని రాళ్లదాకా మోసుకెళ్లే ట్రైలర్ ఖర్చు కూడా లెక్కేసుకోండి.