పెరటి చేపల తొట్టికి ఎయిర్ పంపా, ఫిల్టరా?

తొట్టి కట్టించిన ప్రతి ఒక్కరికీ ఈ టెన్షన్ తప్పదు. నా మటుకు జవాబు ఏ చేపలు, ఎన్ని అన్న లెక్కలోనే ఉంది.

పని: ఎయిర్ పంపు ఆక్సిజన్ ఇస్తుంది, మురికి తీయదు. ఫిల్టర్ మురికిని పట్టుకుంటుంది; దాని స్పాంజిలో పెరిగే బ్యాక్టీరియా చేపలు వదిలే విషమైన అమ్మోనియాను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అందాకా చేపలు తక్కువ వేయండి, మేత ఇంకా తక్కువ వేయండి.

కరెంటు: 5 వాట్ల ఎయిర్ పంపు రోజంతా ఆడినా 0.12 యూనిట్. 40 వాట్ల ఫిల్టర్ మోటారుకు దాదాపు 1 యూనిట్.

శ్రమ: పంపు గాలిని బుడగలుగా వదిలే గాలి రాయి మూసుకుపోతే మార్చడమే. ఫిల్టర్ స్పాంజి కడగాలి, అదీ తొట్టి నీళ్లతోనే. ఒకసారి నేను కుళాయి కింద శుభ్రంగా కడిగేశాను. క్లోరిన్‌కు బ్యాక్టీరియా చచ్చి, వారం తిరిగేసరికి నీళ్లు బియ్యం కడుగులా తెల్లబడ్డాయి. రెండు గోల్డ్‌ఫిష్‌లు పోయాయి.

రిస్కు: వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది. నాచు ఉంటే రాత్రికి ఇంకా పడిపోయి, తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అప్పుడు ఆదుకునేది గాలే. కరెంటు పోతే బ్యాటరీ పంపు కొన్ని గంటలు నెట్టుకొస్తుంది.

గప్పీలు, నాలుగు కలువ ఆకులున్న చిన్న తొట్టికి పంపు, వారానికోసారి నాలుగో వంతు నీళ్ల మార్పు చాలు. మురికి ఎక్కువ చేసే కోయి (రంగురంగుల పెద్ద చేపలు), గోల్డ్‌ఫిష్ పెంచేవాళ్లకు ఫిల్టర్ తప్పనిసరి. దాని నీళ్లు జానెడు ఎత్తు నుంచి పడేలా పెట్టండి, కొంత గాలీ కలుస్తుంది. ఎండాకాలంలో మాత్రం వాళ్లూ ఒక చిన్న పంపు దగ్గర ఉంచుకోవాలి.