పవర్ పెంచిన ఆర్‌ఎక్స్ 100 కొంటున్నారా? డబ్బు చేతికిచ్చే ముందు సైలెన్సర్ విప్పించి చూడండి

బెంగళూరులో మంచి పాత యమహా బైకు ఆర్‌ఎక్స్ 100 కోసం వెతుకుతున్న తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ ఆరు నెలలు వెతికాను. చివరికి రూ. 1,40,000 పెట్టి కొన్న బండి ఇరవై మూడో రోజున పలమనేరు, చిత్తూరు మధ్య ఉన్న మొగిలి ఘాటులో మమ్మల్ని కింద పడేసింది. వెనక కూర్చున్న మా తమ్ముడి మణికట్టు విరిగింది. లోపల ప్లేటు వేయాల్సి వచ్చింది. వెనకాల వస్తున్న లారీ డ్రైవరు బ్రేకు వేయడం ఒక్క క్షణం ఆలస్యమై ఉంటే ఈ మాటలు రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదు.

అమ్మిన మనిషి పేరు రాయను. ఇలాంటి బండ్లు అమ్మేవాడు అతనొక్కడే కాదు. పేరు తెలుసుకుని అతన్ని తప్పించుకున్నా, ఇంకొకరి గ్యారేజీలో అదే బండి ఎదురవుతుంది. బండిలో ఏం చేస్తారో, దాన్ని ఎలా కప్పిపెడతారో తెలుసుకుంటేనే మనకు ఉపయోగం.

ఎస్కార్ట్స్, యమహా కలిసి 1985 నుంచి 1996 వరకు తయారుచేసిన బండి ఇది. 98 సీసీ, 11 హార్స్‌పవర్. ఆ లెక్క మనందరికీ కంఠస్థమే. నాకు అమ్మినతను మాత్రం ఇది 18 హార్స్‌పవర్ ఇస్తుందని చెప్పాడు. పోర్టింగ్ (ఇంజిన్ లోపలి రంధ్రాలను గీరి పెద్దవి చేయడం) చేయించానని, సైలెన్సర్ ప్రత్యేకంగా తయారుచేయించానని, పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటర్ పెద్దది పెట్టించానని గర్వంగా చూపించాడు. ఒక రౌండు నడిపి చూశాను. మూడో గేరులో యాక్సిలరేటర్ తిప్పగానే ముందు చక్రం తేలికపడింది. మా నాన్నగారి బండిలో చిన్నప్పుడు విన్న ఆ శబ్దం, దాని మీద ఈ వేగం. అంతటితో నా పరిశీలన ముగిసింది. ఆర్‌సీ చూశాను, ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు సరిపోయాయి, ఫిట్‌నెస్ గడువు ఇంకా ఉంది. పక్కన మూత తీసి టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్‌కు పెట్రోలుతో పాటు అందాల్సిన ఆయిల్) ట్యాంకు చూపించాడు. అంచు దాకా ఆయిల్ ఉంది. పైగా పెట్రోలు ట్యాంకు నిండా పోయించి ఇచ్చాడు. ఎంత మంచి మనిషి అనుకున్నాను.

ఆ నిండు ట్యాంకే నన్ను మోసం చేసింది.

ఆర్‌ఎక్స్ 100లో ఆయిల్‌కు వేరే ట్యాంకు, ఇంజిన్ పక్కన ఒక చిన్న పంపు ఉంటాయి. యాక్సిలరేటర్ కేబుల్ రెండుగా చీలి ఒకటి కార్బ్యురేటర్‌కు, రెండోది ఈ పంపుకు వెళుతుంది. మనం ఎంత తిప్పితే, ఇంజిన్ ఎంత వేగంగా తిరిగితే, పంపు అంత ఆయిల్ పంపుతుంది. పవర్ పెంచే మెకానిక్కులు చాలామంది ఈ పంపును తీసేస్తారు. కంపెనీ పంపు 11 హార్స్‌పవర్‌కు సరిపడా ఆయిల్ ఇస్తుంది, అంతకు మించి తిరిగే ఇంజిన్‌కు చాలదని వాళ్ల వాదన. ఆ వాదనలో కొంత నిజం ఉంది. కానీ పంపు తీసేస్తే పెట్రోలు పోసిన ప్రతిసారీ లీటరుకు 25 నుంచి 30 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ మనమే కలపాలి. నా బండిలో పంపు లేదు. ఆ స్థానంలో ఒక రేకు ముక్క బిగించి ఉంది. ఆయిల్ ట్యాంకు చూపించడానికి తప్ప దేనికీ పనికిరాదు. అతను పోయించి ఇచ్చిన నిండు పెట్రోలులో ఆయిల్ కలిపి ఉంది కాబట్టి మొదట్లో బండి చక్కగా నడిచింది.

ఒక గుర్తు మాత్రం నా కళ్ల ముందే ఉంది. మూడు వారాల్లో ఆయిల్ మట్టం ఒక్క గీత కూడా తగ్గలేదు. బండి ఆయిల్ తాగడం లేదని సంతోషించాను. టూ స్ట్రోక్ బండి ఆయిల్ తాగకపోతే సంతోషించకూడదు. వెంటనే ఆపి, పంపు ఉందో లేదో చూడాలి.

సంక్రాంతికి ఊరికి బయలుదేరాం. తెల్లవారుజామున కె.ఆర్. పురం దాటి, హొస్కోటెలో సగం ఖాళీ అయిన ట్యాంకులో మామూలు పెట్రోలు నింపించాను. అంటే లోపల ఉండాల్సిన ఆయిల్ సగానికి పడిపోయింది. కోలారు, ముళబాగిలు, నంగలి దాటి పలమనేరు చేరేసరికి బండి కాస్త బిగుసుకున్నట్టు, మామూలు కంటే వేడిగా అనిపించింది. చలిలో చాలా దూరం వచ్చాం కదా అనుకుని ఆపలేదు. మొగిలి ఘాటు దిగుతూ యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి మూడో గేరులో ఇంజిన్ పట్టుమీద దించుతున్నాను. ఒక్కసారి కీచుమని శబ్దం వచ్చి వెనక చక్రం ఆగిపోయింది. క్లచ్ పట్టుకునే లోపే బండి అడ్డం తిరిగింది.

పలమనేరులో ఇంజిన్ విప్పిన పెద్దాయన నలభై ఏళ్లుగా ఈ బండ్లే చూస్తున్నారు. పిస్టన్‌ను చేతిలో పెట్టి చూపించారు. సైలెన్సర్ వైపు పైనుంచి కిందికి గోళ్లతో గీరినట్టు చారలు. కరిగిన అల్యూమినియం, పిస్టన్ ఆడే బోరు గోడకు అంటుకుని ఉంది. "నాయనా, ఈ పంపు ఎవరు తీశారు? ఘాటు దిగేటప్పుడు దీని ప్రాణమంతా దాంట్లోనే ఉంటుంది" అన్నారు. ఆ మాట నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది. పెట్రోలులో ఆయిల్ కలిపి నడిపే బండిలో యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోలు దాదాపు ఆగిపోతుంది. పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా ఆగిపోతుంది. కానీ వాలులో చక్రమే ఇంజిన్‌ను తిప్పుతూ ఉంటుంది. పిస్టన్ నిమిషానికి వేలసార్లు పొడిగా రాసుకుంటుంది. పంపు ఉంటే ఇంజిన్ తిరిగినంతసేపూ కనీసపు ఆయిల్ అందుతూనే ఉంటుంది. పంపు లేని బండి మీద ఘాటు దిగేవాళ్లు మధ్యమధ్య క్లచ్ పట్టి యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పుతుంటారు. ఆ విషయం నాకు చెప్పాల్సిన మనిషి చెప్పలేదు.

ఆయిల్ ఒక్కటే కారణం కాదని కూడా పెద్దాయన చూపించారు. స్పార్క్ ప్లగ్ కొన సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లో అది లేత గోధుమ రంగులో ఉండాలి. తెల్లగా ఉందంటే గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువై ఇంజిన్ మండిపోతోందని అర్థం. నా బండి జెట్టు, అంటే కార్బ్యురేటర్‌లో పెట్రోలు వచ్చే చిన్న రంధ్రం, బెంగళూరు గాలికి సరిచేసినది. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. చిత్తూరు మూడు వందల మీటర్ల పైచిలుకు. ఆ దిగుడులో గాలి చిక్కదనం దాదాపు ఆరు శాతం పెరుగుతుంది, తెల్లవారుజాము చలికి ఇంకొంత. కార్బ్యురేటర్‌కు ఇదేమీ తెలియదు, అది ఆ రంధ్రం ఇచ్చినంత పెట్రోలే ఇస్తుంది. దానికి తోడు ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్టుతో మిశ్రమం ఇంకా పలచబడుతుంది. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఈ బండిలో ఇలాంటి తేడాలన్నీ తట్టుకునే వెసులుబాటు ఉండేది. పవర్ పెంచినవాడు ఆ వెసులుబాటునే కోసి హార్స్‌పవర్‌గా మార్చాడు.

మా పిన్ని కొడుకు అమెరికాలో మిన్నెసోటాలో ఉంటాడు. చలికాలమంతా మంచు మీద స్నోమొబైల్ నడుపుతాడు. జరిగింది చెప్పగానే వాడు ఆశ్చర్యపోలేదు. స్నోమొబైల్స్‌లోనూ ఎక్కువగా టూ స్ట్రోక్ ఇంజిన్లే వాడతారు. 850 సీసీతో సుమారు 165 హార్స్‌పవర్ ఇచ్చేవి ఉన్నాయి. కార్బ్యురేటర్ల రోజుల్లో చలి ఎంత, ఎత్తు ఎంత అన్న పట్టిక చూసి జెట్టు మార్చుకునేవారట. మార్చని రోజున పిస్టన్ పోయేది. ఇప్పుడు గాలి వేడిని, ఒత్తిడిని కొలిచే సెన్సార్లు, ఎలక్ట్రానిక్ ఇంధన సరఫరా, విడిగా ఆయిల్ పంపు అన్నీ ఉన్నాయి కాబట్టే అంత పవర్ నిలబడుతోందని చెప్పాడు. మన దగ్గర జరిగేది దానికి పూర్తిగా తిరగబడిన పని. కాపాడే పంపును తీసేసి పవర్ పెంచుతున్నారు.

తయారుచేసేవాళ్లు కూడా పవర్ విషయంలో వెనక్కి తగ్గిన సందర్భం మన దేశంలోనే ఉంది. జపాన్ యమహా ఆర్‌డీ 350 ఇంజిన్ 39 హార్స్‌పవర్ ఇచ్చేది. దాన్నే ఇక్కడ రాజ్‌దూత్ 350గా తెచ్చినప్పుడు 30.5కు తగ్గించారు, ఆ తర్వాత మైలేజీ కోసం 27కు దించారు. అది ఇష్టపడేవాళ్లు ఈ రోజుకీ ఆ మూడున్నర హార్స్‌పవర్ తేడా గురించి వాదించుకుంటారు. నేనూ ఆ వాదనల్లో పాల్గొన్నవాణ్ణే. కానీ సంఖ్య తగ్గించిన ఇంజినీర్లకు ఒక లెక్క ఉందని ఇప్పుడు నమ్ముతున్నాను.

బోరు విషయం ఇంకా దారుణం. పెద్దాయన కొలిచి చూస్తే అది 98 సీసీ బోరే కాదు, ఆర్‌ఎక్స్ 135ది. 132 సీసీ. ఇంజిన్ నంబరు కింద క్రాంక్‌కేసు మీద ఉంటుంది కాబట్టి పైన బోరు మార్చినా ఆర్‌సీతో నంబరు సరిపోతుంది. ఇది ఎంత ప్రమాదమో నాకు తర్వాత తెలిసింది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన నిర్మాణానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం మార్పులు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు శిక్ష కూడా పడవచ్చు. మార్చింది నేను కాదని మనం చెప్పుకోవాలి, నిరూపించుకోవాలి. ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ తిరస్కరించడానికి కూడా ఇది కారణం కావచ్చు.

ఆ బోరులో పొగ సైలెన్సర్‌లోకి వెళ్లే రంధ్రాన్ని ఆకురాయితో పైకి, పక్కలకు పెంచారు. రెండు పక్కలా ఒకే కొలత లేదు, అంచులు నున్నగా గీయలేదు. రంధ్రం పక్కలకు మరీ వెడల్పైతే పిస్టన్ రింగు అందులోకి ఉబ్బి అంచుకు తగులుతుంది. రింగు విరిగితే ముక్కలు బోరంతా చీరేస్తాయి. పోర్టింగ్ ఒక విద్యే, బాగా చేసేవాళ్లు బెంగళూరులో ఉన్నారు. వాళ్లు కొలతలు రాసి ఇస్తారు, ఏ జెట్టు పెట్టారో చెబుతారు, ఎన్ని వేల కిలోమీటర్లకు పిస్టన్ మార్చాలో ముందే హెచ్చరిస్తారు. అమ్మేవాడి దగ్గర ఆ కాగితం లేకపోతే 18 హార్స్‌పవర్ అన్నది నోటిమాటే. బండిని రోలర్ల మీద నడిపి పవర్ కొలిచిన కాగితం అడగండి.

అమ్మినతనికి ఫోను చేశాను. "అన్నా, పవర్ పెంచిన బండికి పెట్రోల్లోనే ఆయిల్ కలపాలని అందరికీ తెలుసు కదా. మీరు అడగలేదు, నేను చెప్పలేదు" అన్నాడు. తమ్ముడి చేయి విరిగిందని చెబితే, ఘాటులో మెల్లగా వెళ్లాల్సిందన్నాడు. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు.

కాబట్టి దయచేసి ఇలా చేయండి. చూడడానికి వెళ్లే ముందు బండి స్టార్ట్ చేయవద్దని ఫోనులోనే చెప్పండి. వేడి ఇంజిన్ చాలా రోగాలను దాస్తుంది. వెళ్లగానే ఇంజిన్ పక్క మూత తీయించి, పంపు ఉందా, దానికి కేబుల్ తగిలించి ఉందా, యాక్సిలరేటర్ తిప్పితే అది కదులుతోందా చూడండి. ట్యాంకులో ఆయిల్ ఉండడం సాక్ష్యం కాదు. స్పార్క్ ప్లగ్ విప్పించి రంగు చూడండి. అన్నిటికంటే ముఖ్యంగా సైలెన్సర్ విప్పించండి. కొన్ని నట్లు విప్పితే చాలు, పది నిమిషాల పని. కిక్కు రాడ్డును చేత్తో మెల్లగా నొక్కుతూ టార్చి వేస్తే రంధ్రంలోంచి పిస్టన్ పక్క భాగం, రింగు, ఆకురాయి గీతలు అన్నీ కనిపిస్తాయి. నిలువు చారలు కనిపిస్తే ఆ ఇంజిన్ ఒకసారి పట్టేసిందన్నమాటే. ఎంత బతిమాలినా తీసుకోవద్దు. సైలెన్సర్ విప్పడానికి ఒప్పుకోని మనిషితో బేరమే వద్దు, అడ్వాన్సు ఇచ్చి ఉంటే అది పోయినా పరవాలేదు.

కొనేసినవాళ్లు ఉంటే ఈ రోజే పంపు చూసుకోండి. పంపు లేకపోతే వెంటనే పెట్రోలులో ఆయిల్ కలపడం మొదలుపెట్టండి. ఘాటు దిగి తిరుపతి వైపో, చెన్నై వైపో వెళ్లాలనుకుంటే జెట్టు ఒక సైజు పెద్దది పెట్టించుకుని వెళ్లండి.

నా బండికి జె.సి. రోడ్డులో, శివాజీనగర్‌లో తిరిగి తిరిగి 98 సీసీ బోరు, పంపు, అసలు సైలెన్సర్ సంపాదించాను. మొత్తం రూ. 38,000 అయింది. ఇప్పుడు 11 హార్స్‌పవరే. తమ్ముడు ఇంకా ఆ చేత్తో బరువు ఎత్తలేడు. పాడైన బోరు, పిస్టన్ మా ఇంట్లో దాచిపెట్టాను. కె.ఆర్. పురం చుట్టుపక్కల ఎవరైనా ఈ వారం బండి చూడడానికి వెళుతుంటే ముందు వచ్చి ఆ రంధ్రం అంచును వేలితో తడిమి చూసి వెళ్లండి. వీలైతే టార్చి, పానాలు పట్టుకుని నేనే మీతో వస్తాను.