ఎనిమిదేళ్లుగా వాడుతున్న -వెర్బోస్:క్లాస్ ఆప్షన్: నా సమీక్ష

హనుమకొండలో ఉంటూ చుట్టుపక్కల వ్యాపారులకు జావా ప్రోగ్రాములు రాసివ్వడం, వాటి మంచిచెడ్డలు చూసుకోవడం నా వృత్తి. క్లాస్ లోడింగ్ ఎర్రర్లు (ప్రోగ్రాములోని క్లాసులు, అంటే కోడ్ ముక్కలు, మెమరీలోకి ఎక్కేటప్పుడు వచ్చేవి) వచ్చినప్పుడు ఈ ఎనిమిదేళ్లలో నేను అన్నింటికన్నా ఎక్కువగా నమ్ముకున్నది జావా ప్రోగ్రాములను నడిపించే జేవీఎంలోనే ఉండే -వెర్బోస్:క్లాస్ అనే ఆప్షన్. జావా కమాండులో ఈ ఒక్క మాట చేరిస్తే, లోడైన ప్రతి క్లాసు పేరూ, అది ఏ జార్ ఫైలు (క్లాసులను కట్టగట్టి ఉంచే ఫైలు) నుంచి వచ్చిందన్న వివరమూ వరుసగా తెర మీద పడతాయి.

దీని విలువ నాకు పూర్తిగా తెలిసింది వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్లో. అక్కడి ఒక అడ్తి (కమీషన్) దుకాణానికి తక్‌పట్టీలు (రైతుకు ఇచ్చే అమ్మకం బిల్లులు) ముద్రించే ప్రోగ్రాము రాసిచ్చాను. పత్తి సీజన్ మధ్యలో పాత కంప్యూటరు తీసేసి కొత్తది పెట్టగానే, ప్రింట్ నొక్కిన ప్రతిసారీ నోసచ్‌మెథడ్‌ఎర్రర్ (పిలిచిన మెథడ్ ఆ క్లాసులో లేదన్న ఎర్రర్) వచ్చి ప్రోగ్రాము ఆగిపోసాగింది. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. జార్లుండే లిబ్ ఫోల్డరును ఉన్నదున్నట్టుగా కాపీ చేశాం. కాంటా అయిపోయిన రైతులు గుమాస్తా బల్ల ముందు నిలబడి ఉండగా, నేను క్లాసులను ఎక్కడ వెతకాలో జావాకు చెప్పే క్లాస్‌పాత్‌ను మూడుసార్లు తిరగరాశాను, జావాను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. వాళ్లను అంతసేపు నిలబెట్టినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. చివరికి -వెర్బోస్:క్లాస్ పెట్టి, వచ్చిందంతా ఒక ఫైలులోకి మళ్లించి, పీడీఎఫ్ తయారుచేసే క్లాసు పేరుతో వెతికితే, ‘సోర్స్:’ అన్న మాట పక్కన నేను ఎప్పుడో తొలగించాననుకున్న పాత వెర్షను జార్ పేరు కనిపించింది. ఫోల్డరులో పాతదీ కొత్తదీ రెండూ ఉన్నాయి. క్లాస్‌పాత్‌లో నక్షత్రం గుర్తు వాడినప్పుడు, ఫోల్డరులోని జార్లను ఏ వరుసలో తీసుకుంటుందో జావా ముందుగా హామీ ఇవ్వదు. ఏ జార్‌లో ముందు దొరికితే ఆ క్లాసే లోడవుతుంది. పాత కంప్యూటరులో ఇన్నాళ్లూ కొత్త జార్ ముందుగా రావడం వల్లనే పని నడిచింది. పాత జార్‌ను తీసేయగానే తక్‌పట్టీలు రావడం మొదలైంది.

లోపాలు కూడా చెప్పాలి. ఈ ఆప్షన్ లోడైన క్లాసులనే చూపిస్తుంది, దొరకని క్లాసు గురించి ఏమీ చెప్పదు. అందువల్ల క్లాస్‌నాట్‌ఫౌండ్‌ఎక్సెప్షన్ వచ్చినప్పుడు ముందుగా కమాండునే చూడాలి. ముఖ్యంగా -జార్‌తో నడిపితే మనం ఇచ్చిన క్లాస్‌పాత్‌ను జావా అసలు పట్టించుకోదన్న సంగతి చాలామంది మరచిపోతారు. క్లాసు కంపైల్ అయిన జావా కన్నా నడిపించే జావా పాతదైతే వచ్చే అన్‌సపోర్టెడ్‌క్లాస్‌వెర్షన్‌ఎర్రర్‌కూ దీని అవసరం లేదు. అందులో 61.0 అని ఉంటే క్లాసు జావా 17 కోసం కంపైల్ అయిందని, 52.0 అని ఉంటే నడిపిస్తున్నది జావా 8 అని ఆ సందేశమే చెబుతుంది.

అయితే నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్ విషయంలో ఇది చేసే మేలు ఎక్కువ. సందేశంలో ‘కుడ్ నాట్ ఇనిషియలైజ్ క్లాస్’ అని ఉండి, ఆ క్లాసు పేరు జాబితాలో కనిపిస్తే, జార్ కోసం వెతకడం వెంటనే మానేయవచ్చు. క్లాసు దొరికింది, దాని స్టాటిక్ బ్లాకు (క్లాసును మొదటిసారి వాడేటప్పుడు నడిచే కోడ్) విఫలమైంది. లాగ్‌లో ఇంకా పైకి వెళితే మొదటిసారి వచ్చిన ఎక్సెప్షన్‌ఇన్‌ఇనిషియలైజర్‌ఎర్రర్, దాని కింద అసలు కారణం ఉంటాయి.

నన్ను ఇబ్బంది పెట్టిన మరొకటి, 2017లో వచ్చిన జావా 9 నుంచి జాబితా రూపం మారిపోవడం. జావా 8 నుంచి 11కి మారినప్పుడు, జాబితాలో వెతకడానికి నేను రాసుకున్న స్క్రిప్టు మొత్తం పనికిరాకుండా పోయింది. కానీ కొత్త పద్ధతే మేలని ఇప్పుడు ఒప్పుకుంటాను: -ఎక్స్‌లాగ్:క్లాస్+లోడ్ తర్వాత ఫైలు పేరు ఇస్తే, ప్రోగ్రాము సొంత అవుట్‌పుట్‌తో కలిసిపోకుండా జాబితా విడిగా ఆ ఫైలులోకి వెళుతుంది.

ఆ అడ్తి దుకాణంలో ప్రోగ్రామును ఈ ఆప్షన్‌తో నడిపించే రెండో బ్యాచ్ ఫైలు (కమాండు రాసి ఉంచిన ఫైలు) ఒకటి పెట్టి ఉంచాను. ఎర్రర్ వస్తే గుమాస్తా దాన్ని నడిపి, తయారైన ఫైలును నాకు వాట్సాప్‌లో పంపుతాడు. మార్కెట్‌కు బయలుదేరే ముందే ఏ జార్ తేడా చేసిందో చూసుకుంటాను.