జాగ్రత్త: ‘యూకే స్పెషల్ స్కూల్ అసిస్టెంట్ ఉద్యోగం, స్పాన్సర్‌షిప్ గ్యారంటీ’ అనే ప్యాకేజీకి డబ్బు కట్టకండి

అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాల నుంచి ఇంగ్లండ్‌కు చదువుకోవడానికి వెళ్లిన పిల్లలకు, ఇక్కడ వారి కోసం డబ్బు సర్దుబాటు చేస్తున్న తల్లిదండ్రులకు ఈ హెచ్చరిక రాస్తున్నాను. ప్రత్యేక అవసరాలు గల పిల్లల బడుల్లో క్లాస్‌రూమ్ అసిస్టెంట్ ఉద్యోగం ఇప్పిస్తామని, ఆ ఉద్యోగం మీదనే స్కూలు చేత స్కిల్డ్ వర్కర్ వీసాకు (అక్కడ ఉండి ఉద్యోగం చేసుకునే వీసాకు) స్పాన్సర్‌షిప్, అంటే ఉద్యోగమిచ్చే సంస్థ పూచీ కూడా ఇప్పిస్తామని చెప్పి అనంతపురంలో ఒక కన్సల్టెన్సీ ప్యాకేజీ అమ్ముతోంది. మా కుటుంబం ఆ ప్యాకేజీకి రెండు వాయిదాల్లో 2,30,000 రూపాయలు చెల్లించింది. వాళ్లు అమ్ముతున్నదాంట్లో ఉద్యోగం అనే భాగానికి ఎవరికీ ఒక్క రూపాయి కట్టనవసరం లేదు. స్పాన్సర్‌షిప్ అనే భాగం 2025 జూలై 22 నుంచి అసలు లేనే లేదు.

నేను ఇంగ్లండ్‌లో ప్రత్యేక విద్యలో ఎంఏ పూర్తి చేసి, చదువు ముగిశాక అక్కడే ఉండి పనిచేసుకోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా మీద ఒక స్పెషల్ స్కూల్లో అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. గ్రాడ్యుయేట్ వీసా ఉన్నవారికి స్పాన్సర్ అవసరం లేదు. దాదాపు ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. డిగ్రీ, పీజీ చేసినవారికి అది రెండేళ్లు ఉంటుంది, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి పద్దెనిమిది నెలలే ఉంటుంది. దాన్ని పొడిగించడం కుదరదు. ఆ గడువు తరుగుతున్నకొద్దీ అక్కడి పిల్లల్లోనూ ఇక్కడి ఇళ్లల్లోనూ పెరిగే ఆదుర్దా మీదనే ఈ వ్యాపారం నడుస్తోంది. కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేసేది పిల్లలకు కాదు, అప్పు తెచ్చి పంపిన తల్లిదండ్రులకు.

మా నాయనకు 2025 ఆగస్టులో ఫోన్ వచ్చింది. అంటే నిబంధన మారిన తర్వాతే. “ఏం భయం లేదన్నా, మీ పాప మా చెల్లెలు లాంటిది, స్కూలు చేత స్పాన్సర్‌షిప్ ఇప్పించే పూచీ నాది” అని ఆ కన్సల్టెన్సీ మేనేజర్ చెప్పిన మాట నమ్మి, ఆ ఏడాది బుడ్డల (వేరుశనగ) పంట చేతికి రాకముందే అమ్మ నగలు బ్యాంకులో పెట్టి మొదటి వాయిదా కట్టారు. స్కూలు పేరుతో ఒక ‘కన్ఫర్మేషన్ లెటర్’ వాట్సాప్‌లో పంపి రెండో వాయిదా తీసుకున్నారు. డబ్బు ముట్టినట్టు ఇచ్చిన రసీదులో ‘ఉద్యోగం’ అన్న మాట గానీ, ‘స్పాన్సర్‌షిప్’ అన్న మాట గానీ ఎక్కడా లేవు; ‘కెరీర్ గైడెన్స్ సర్వీస్ ఛార్జీలు’ అని మాత్రమే ఉంది. దాని వెనుక, జిరాక్స్‌లో సగం చెరిగిపోయిన చిన్న అక్షరాల్లో, వీసా నిర్ణయం ఎంబసీదనీ కట్టిన మొత్తం ఏ పరిస్థితిలోనూ తిరిగి ఇవ్వబోమనీ ఉంది. కౌంటర్ దగ్గర నోటితో చెప్పేదీ కాగితం మీద రాసేదీ వేర్వేరుగా ఉండేలా ముందే చూసుకున్నారన్నమాట.

ఇక అసలు విషయానికి వస్తాను. యూకేలో స్కిల్డ్ వర్కర్ వీసా కింద ఏయే వృత్తులకు స్పాన్సర్‌షిప్ ఇవ్వవచ్చో ప్రభుత్వమే జాబితా చేసి, ఒక్కొక్క వృత్తికి ఒక కోడ్ ఇస్తుంది. ఇంతకుముందు ఇంటర్ స్థాయితో సమానమైన వృత్తులకు కూడా అవకాశం ఉండేది, అందులో టీచింగ్ అసిస్టెంట్లూ ఉండేవారు. 2025 జూలై 22న ఆ అర్హతను డిగ్రీ స్థాయి వృత్తులకు పెంచారు. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది: డిగ్రీ స్థాయి అంటే మనకు డిగ్రీ ఉండటం కాదు, ఆ ఉద్యోగాన్నే డిగ్రీ స్థాయి ఉద్యోగంగా లెక్కించడం. మనం ఎంఏ చేసినా, పీహెచ్‌డీ చేసినా, చేరే పోస్టు అసిస్టెంట్ పోస్టయితే కొత్తగా స్పాన్సర్‌షిప్ రాదు. ఆ తేదీకి ముందే స్కిల్డ్ వర్కర్ వీసాలో ఉన్నవారికి వెసులుబాటు ఇచ్చారు. కన్సల్టెన్సీ వాళ్లు గోడ మీద ఫోటోలు పెట్టి చూపించేది అటువంటి పాత కేసులనే. ఆ ఫోటోలు నిజమైనవే కావచ్చు, కానీ ఆ దారి ఇప్పుడు మనకు లేదు.

మా నాయనను పూర్తిగా నమ్మించినది మరో కాగితం. స్పాన్సర్ లైసెన్స్ ఉన్న సంస్థల పట్టికను యూకే ప్రభుత్వం అందరికీ కనిపించేలా వెబ్‌సైట్‌లో పెడుతుంది. అందులో ఆ స్కూలు నడిపే ట్రస్టు పేరు ఉన్న వరుసకు పసుపు రంగు పూసి, ప్రింటు తీసి, “చూడండి, గవర్నమెంటు లిస్టులోనే ఉంది” అని చేతికిచ్చారు. పేరు ఉన్నమాట నిజమే. కానీ ఆ లైసెన్స్‌తో ఆ ట్రస్టు లెక్కల టీచరునో సైన్సు టీచరునో స్పాన్సర్ చేయగలదు గానీ, జాబితాలో లేని అసిస్టెంట్ పోస్టుకు చేయలేదు. నేను ఆ స్కూలుకు మెయిల్ రాస్తే, అటువంటి లేఖ తాము ఎవరికీ ఇవ్వలేదని, ఆ పోస్టుకు స్పాన్సర్‌షిప్ కుదరదని రెండు వాక్యాల్లో జవాబిచ్చారు. ఎవరైనా ఇలాంటి లేఖ మీ చేతిలో పెడితే, అందులో ఉన్న ఫోన్ నంబరుకు కాకుండా స్కూలు సొంత వెబ్‌సైట్‌లో ఉన్న చిరునామాకు మీరే రాసి కనుక్కోండి.

జీతం లెక్క చూసినా ఇది అయ్యే పని కాదని తెలిసిపోతుంది. ఇప్పుడు స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణంగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం ఉండాలి. అసిస్టెంట్‌కు జీతం సాధారణంగా బడి నడిచే వారాలను బట్టే లెక్కిస్తారు. బడులు ఏడాదికి 39 వారాలు నడుస్తాయి. 2025 ఏప్రిల్ నుంచి ఏడాది పాటు అమల్లో ఉన్న కనీస వేతనం, అంటే గంటకు 12.21 పౌండ్ల చొప్పున, వారానికి ముప్పై రెండున్నర గంటలు పనిచేస్తే 39 వారాలకు వచ్చేది సుమారు 15,500 పౌండ్లు. సెలవుల జీతం కలిపినా, గంటకు ఇంకొంచెం ఎక్కువ ఇచ్చినా, 41,700కు ఎంత దూరమో చూడండి. ప్రకటనల్లో కనిపించే వార్షిక జీతం చాలాసార్లు ఏడాది పొడవునా పూర్తి సమయం పనిచేస్తే వచ్చే మొత్తం. చేతికి వచ్చేది దానికంటే తక్కువ. స్కూళ్లకు సిబ్బందిని పంపే ఏజెన్సీ ద్వారా రోజు కూలి పద్ధతిలో చేరితే ఎండాకాలం సెలవుల్లో రాబడి ఆగిపోతుంది, కానీ ఇంటి అద్దె ఆగదు. కన్సల్టెన్సీ ఈ సంగతి ఏ తండ్రికీ చెప్పదు.

ప్యాకేజీలో భాగంగా నాకు ఇచ్చిన ‘యూకే గుర్తింపు పొందిన స్పెషల్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్’ గురించి కూడా చెప్పాలి. కొన్ని వీడియోలు, చివర టిక్కులు పెట్టే పరీక్ష, బంగారు రంగు ముద్ర వేసిన పీడీఎఫ్, అంతే. ఇంగ్లండ్‌లో అర్హత పత్రాలను నియంత్రించే సంస్థ ఆఫ్‌క్వాల్. దాని రిజిస్టర్‌లో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. నా సర్టిఫికెట్ పేరు గానీ, ఇచ్చిన సంస్థ పేరు గానీ అందులో లేవు. పైగా అదే కాగితంతో ఇంటికి తిరిగి వచ్చినా ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం మన ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లో ఉద్యోగం వస్తుందని చెబుతున్నారు. మన దేశంలో ప్రత్యేక విద్య బోధించాలంటే 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ గుర్తించిన కోర్సు చదివి, దాని రిజిస్టర్‌లో పేరు నమోదు చేసుకోవాలి. వీడియోలు చూసి తెచ్చుకున్న కాగితం అందుకు పనికిరాదు.

ఇంకొక వసూలు డీబీఎస్ పేరుతో జరుగుతోంది. పిల్లలతో పనిచేసేవారి నేర చరిత్రను పరిశీలించే ఈ ఎన్‌హాన్స్‌డ్ డీబీఎస్ తనిఖీ, ఉద్యోగంలో పెట్టుకునే స్కూలో ఏజెన్సీయో దరఖాస్తు చేయించేది. ఉద్యోగం ఖాయం కాకముందే అనంతపురంలో కూర్చుని ఎవరూ తెచ్చిపెట్టలేరు. దానికి ప్రభుత్వం తీసుకునే రుసుము 49.50 పౌండ్లు. మా దగ్గర వసూలు చేసినది దానికి ఎన్నో రెట్లు. మన దేశం నుంచి కావలసింది పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ ఒక్కటే. అది పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో 500 రూపాయలతో మనమే చేసుకునే పని.

నాకు ఇప్పుడున్న ఉద్యోగం కన్సల్టెన్సీ ఇప్పించింది కాదు. అక్కడి ఏజెన్సీలో నేనే పేరు ఇచ్చి, ఇంటర్వ్యూకు వెళ్లి, ఒక రోజు క్లాసులో పనిచేసి చూపించాక వచ్చింది. ఉద్యోగం వెతికిపెట్టినందుకు అభ్యర్థి దగ్గర రుసుము తీసుకోవడాన్ని యూకేలో 1973 నాటి ఎంప్లాయ్‌మెంట్ ఏజెన్సీల చట్టం నిషేధించింది. కాబట్టి నిజమైన ఏజెన్సీ ఏదీ మీ దగ్గర డబ్బు అడగదు.

ఈ పనిని ‘పిల్లల దగ్గర ఊరికే కూర్చునే ఉద్యోగం’ అని చెప్పి అమ్మడం నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగిస్తోంది. మా క్లాసులో మాటలు రాని పిల్లలు ఉన్నారు. బొమ్మల కార్డులు వరుసగా అంటించి ఇప్పుడు ఏం చేయాలో, తర్వాత ఏం జరుగుతుందో చూపిస్తేనే వాళ్ల మనసు కుదుటపడుతుంది. ఆ కార్డుల వరుస చెప్పకుండా మార్చినా, పక్కన రోజూ కూర్చునే మనిషి హఠాత్తుగా మారినా, చెవులు మూసుకుని నేల మీద పడి ఏడుస్తారు. కొరుకుతారు, కొడతారు కూడా. అన్నం తినిపించడం, డైపర్ మార్చడం, మూర్ఛ వస్తే శిక్షణలో నేర్పినట్టు చూసుకోవడం, ఇవన్నీ ఆ ఉద్యోగంలోనివే. ఏ బిడ్డకు ఏ సహాయం అందాలో విద్య, ఆరోగ్యం, సంరక్షణ కలిపి చట్టబద్ధమైన ప్రణాళికగా రాసి ఉంటుంది, దాని ప్రకారమే నడుచుకోవాలి. వీసా కోసం మాత్రమే చేరినవాళ్లు వారం తిరగకముందే మానేస్తే నష్టపోయేది డబ్బు కట్టిన కుటుంబం ఒక్కటే కాదు, అప్పుడప్పుడే ఆ మనిషిని నమ్మడం మొదలుపెట్టిన బిడ్డ కూడా. ఈ పని మీద నిజంగా ఇష్టం ఉన్నవారు తప్పకుండా చేయండి. గ్రాడ్యుయేట్ వీసా కాలంలో ఇంతకంటే విలువైన అనుభవం నాకు తెలిసినంతలో లేదు. అయితే దాని చివర వీసా ఉందని మాత్రం అనుకోవద్దు.

అక్కడే ఉండి ఈ రంగంలో కొనసాగాలనుకునేవారికి మిగిలిన దారి టీచరు కావడం. ప్రత్యేక విద్య టీచరు ఉద్యోగం ఇప్పటికీ స్పాన్సర్‌షిప్‌కు అర్హమైన జాబితాలో ఉంది. దానికి సాధారణంగా క్యూటీఎస్ అనే ఉపాధ్యాయ అర్హత కావాలి, అది శిక్షణతో వస్తుంది. మన దేశంలో బీఈడీ చేసి పాఠాలు చెప్పిన లెక్కలు, సైన్సు, భాషల ఉపాధ్యాయులు ఇంగ్లండ్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో క్యూటీఎస్‌కు ఉచితంగా దరఖాస్తు చేసుకునే ఏర్పాటు 2023 నుంచి ఉంది. ఇందులోనూ మధ్యవర్తికి చోటు లేదు.

సెలవులకు వచ్చినప్పుడు నేను నాయనతో కలిసి ఆ ఆఫీసుకు వెళ్లాను. బోర్డు అలాగే ఉంది. ధర్మవరం నుంచి, తాడిపత్రి నుంచి వచ్చిన తల్లిదండ్రులు ఫైళ్లు ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. డబ్బు గురించి అడిగితే రసీదు వెనుక ఉన్న షరతు చూపించారు. విదేశీ ఉద్యోగాలు ఇప్పించడానికి 1983 నాటి వలసల చట్టం కింద లైసెన్స్ ఉందా అని అడిగితే, తమది చదువుల కన్సల్టెన్సీ కాబట్టి అవసరం లేదన్నారు. చదువుల కన్సల్టెన్సీ అయితే ఉద్యోగం పేరుతో డబ్బు ఎలా వసూలు చేస్తుందో చెప్పమంటే జవాబు లేదు. లైసెన్స్ ఉన్న ఏజెంట్లు కూడా సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఎవరికి లైసెన్స్ ఉందో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు.

మేము జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాము. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే అక్కడ రుసుము ఉండదు, మనం ఉన్న జిల్లాలోనే వేయవచ్చు, నష్టం జరిగిన రెండేళ్ల లోపు వేయాలి. ముందుగా సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. యూపీఐ ద్వారానో బ్యాంకు ద్వారానో ఈమధ్యే డబ్బు పంపి మోసపోయామని తెలిసినవారు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. రసీదుకు రెండు వైపులా ఫోటో తీసి పెట్టుకోండి. వాట్సాప్ సందేశాలు, వాయిస్ మెసేజీలు చెరపకండి. నోటితో ఇచ్చిన హామీకి మనకు మిగిలే సాక్ష్యం అవే. మొదటి వాయిదా కట్టి రెండోదానికి అప్పు వెతుకుతున్నవారు ఆ చెల్లింపు వెంటనే ఆపి, ఏ వృత్తి కోడ్ కింద, ఏ జీతంతో స్పాన్సర్‌షిప్ ఇస్తారో స్కూలు నుంచి నేరుగా మీ మెయిల్‌కు రాయించమని అడగండి.