మొజంజాహీ మార్కెట్: ఐస్‌క్రీం తిని, ఓసారి తలెత్తి రాయి కూడా చూడండి

నేను ఇళ్ల కాంట్రాక్టులు చేస్తాను. అందుకే హైదరాబాద్‌లోని ఈ మార్కెట్‌కొస్తే ముందు నా కన్ను కమానుల మీదకే పోతుంది. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ హయాంలో, 1935లో కట్టిన బజారు ఇది. ఆయన రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. అంతా గ్రానైట్. మూల మీద గడియారం బురుజు, దానికి రెండు వైపులా చాచిన చేతుల్లా దుకాణాల వరసలు. ఇప్పుడు ఇలాంటి రాతిపని చేయించాలంటే మేస్త్రీలు దొరకడమే కష్టం.

కొన్నేళ్ల కిందట రంగులు, బోర్డులు, వేలాడే తీగల మధ్య రాయి కనిపించేదే కాదు. 2018లో బాగుచేయడం మొదలుపెట్టి, 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. గోడల మీది రంగు తీసేసి, బోర్డులన్నీ ఒకే తీరుకి తెచ్చారు. నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం ఒకటుంది: మ్యూజియం చేసి తాళం వేయలేదు. అత్తరు, డ్రైఫ్రూట్స్ దుకాణాలు అలాగే నడుస్తున్నాయి.

ఐస్‌క్రీం సంగతి. సీతాఫలం కాలంలో వస్తే ఇంకేదీ అడగకండి. గుజ్జు నోటికి తగులుతుంది, తీపి మితం. ఎండాకాలమైతే మామిడి.

వెలితి ఒక్కటే, పార్కింగ్. బండ్లు తెచ్చి కమానుల రాళ్లకి ఆనించేస్తున్నారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. దయచేసి ఆ పని చేయకండి. గాంధీభవన్ మెట్రోలో దిగితే నడిచి వచ్చేయొచ్చు. దీపాలు వెలిగాక రండి, పిల్లల్ని కూడా తీసుకురండి.