ఓపెన్‌మోడెలికాలో బేరింగ్ పెట్టుకోవడం: చాలాకాలం వాడాక నా సమీక్ష

శ్రీకాకుళం చుట్టుపక్కల రైస్ మిల్లులకి ఎలివేటర్ డ్రైవ్‌లు, పాలిషర్ షాఫ్ట్‌లు డిజైన్ చేయడం, పాతవి బాగుచేయడం నా పని. ఏ మోటారు సరిపోతుంది, లోడు మీద స్టార్ట్ చేస్తే కప్లింగ్ ఓర్చుకుంటుందా అన్నవి ముందే చూసుకోవడానికి కొన్నేళ్లుగా ఓపెన్‌మోడెలికా అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ (యంత్రాన్ని కంప్యూటర్‌లోనే నడిపి చూసేది) వాడుతున్నాను. మోటారు, గేరు, షాఫ్ట్, స్ప్రింగ్ అన్నీ దాంతో వచ్చే మోడెలికా లైబ్రరీలో బొమ్మలుగా దొరుకుతాయి. లాగి కలుపుకోవడమే. ఇక్కడ మాత్రం బేరింగ్ సంగతే రాస్తాను, ఎందుకంటే కొత్తవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది అక్కడే.

ఈ లైబ్రరీలో బేరింగ్ అంటే రాపిడి మాత్రమే. రొటేషనల్ విభాగంలో ‘బేరింగ్‌ఫ్రిక్షన్’ అనే భాగం ఉంటుంది, దాన్ని షాఫ్ట్ వరసలో పెడతాం. మీరు వేసింది బాల్ బేరింగో, టేపర్ రోలరో దానికి తెలియదు. ఏ వేగంలో ఎంత రాపిడి టార్క్ (తిప్పుడు బలం) అని చెప్పే చిన్న పట్టిక అడుగుతుంది, అంతే. ఆ పట్టిక ముట్టుకోకుండా వదిలేస్తే అందులో ముందే ఉన్న విలువ 1 న్యూటన్ మీటర్.

అది ఎంత పెద్ద అంకె అంటే, 6206 బేరింగ్ తీసుకోండి. లోపలి వ్యాసం 30 మిల్లీమీటర్లు. దాని మీద 2,000 న్యూటన్ల బరువు పడుతోందనుకుందాం. డీప్ గ్రూవ్ బాల్ బేరింగ్‌కి రాపిడి గుణకం మామూలుగా 0.0015. గుణకాన్ని బరువుతోనూ, వ్యాసంలో సగంతోనూ గుణిస్తే వచ్చేది 0.045 న్యూటన్ మీటర్లు. అంటే ముందే ఉన్న విలువ ఇరవై రెట్లకు పైనే. ఆ మోడల్‌లో షాఫ్ట్ అసలు కంటే చాలా తొందరగా ఆగిపోతుంది, లోపం ఎక్కడుందో తెలియక జనం జడత్వం లెక్కల్లో వెతుకుతారు. ఇంకో సంగతి, పట్టికలో వేగం సెకనుకు రేడియన్లలో ఇవ్వాలి. 1,440 ఆర్‌పీఎం అంటే సుమారు 151. ఆర్‌పీఎం అంకెలే వేసేసినా సాఫ్ట్‌వేర్ ఏమీ అనదు. పట్టిక చివరి వరస మీ గరిష్ఠ వేగం కంటే కాస్త పైకి ఉండేలా చూసుకోండి.

ఈ 0.045 కూడా పూర్తి నిజం కాదు. మన మిల్లుల్లో ఎక్కువగా వేసేది యూసీపీ 206 లాంటి ప్లమ్మర్ బ్లాకులు (హౌసింగ్‌తో సహా వచ్చే బేరింగులు), రెండు పక్కలా రబ్బరు సీలు. సీలు పట్టు, నింపిన గ్రీజు పట్టు ఆ సూత్రంలో లేవు. తేలికగా తిరిగే షాఫ్ట్ మీద అసలు రాపిడి కంటే అవే ఎక్కువ కావచ్చు. అందుకే కేటలాగ్‌తో మొదలుపెట్టి, మిల్లుకెళ్లి కొలిచి పట్టిక సరిదిద్దుతాను. షాఫ్ట్‌ను వేగానికి తెచ్చి, నడిపించే శక్తి ఆపి, టాకోమీటర్‌తో వేగం పడిపోవడం చూడాలి. జడత్వం 0.2 కిలోగ్రామ్ చదరపు మీటర్లు ఉన్న షాఫ్ట్ సెకనుకు 30 రేడియన్ల నుంచి నిమిషంలో ఆగితే, సగటు రాపిడి 0.1 న్యూటన్ మీటర్. బెల్టులు తీసి చూస్తే సీలు, గ్రీజు పట్టు తెలుస్తుంది. బెల్టులు ఉంచి చూస్తే మోటారు నష్టంతో సహా అన్నీ కలిసి వస్తాయి. రెండూ చూడడం మంచిది.

బెల్టు సంగతి ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, బేరింగ్ మీద బరువు చాలావరకు దాని బిగువే. బరువు రెట్టింపైతే రాపిడి దాదాపు రెట్టింపవుతుంది, బాల్ బేరింగ్ ఆయుష్షు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. ఈ భాగానికి బరువు అనే గడే లేదు కాబట్టి మోడల్‌లో బెల్టు ఎంత బిగించినా ఏమీ మారదు. బిగువు మారిస్తే పట్టిక మీరే మార్చాలి. ఆయుష్షు లెక్క విడిగా కాగితం మీద చేసుకోవాల్సిందే. నాకున్న పెద్ద అసంతృప్తి ఇదే.

నచ్చింది ‘పీక్’ అనే గడి. ఆగి ఉన్న షాఫ్ట్‌ను కదిలించడానికి, కదిలాక పట్టే టార్క్‌కి ఎన్ని రెట్లు కావాలో అందులో ఇస్తాం. ఒక మిల్లు ఫిట్టర్ నాతో “పొద్దున్న మొదటి స్టార్టుకే మోటారు మూలుగుతాది బాబూ, తరవాత ఏటీ నేదు” అన్నాడు. రాత్రంతా ఆగి, గ్రీజు గట్టిపడిన షాఫ్ట్‌కి పీక్ పెంచి నడిపితే మొదటి కదలిక దగ్గర అదే ఇబ్బంది గ్రాఫ్‌లో కనబడింది. బేరింగ్ బదులు డ్యాంపర్ (వేగాన్ని బట్టి అడ్డుపడే భాగం) పెట్టుకునేవాళ్లకి ఇది దొరకదు. వేగం సున్నా అయితే డ్యాంపర్ టార్క్ కూడా సున్నాయే.

ఆ ‘ఆగి ఉండడం’ వల్లే ఇంకో చిక్కు వస్తుంది. ఒకే గట్టి షాఫ్ట్ మీద రెండు వైపులా రెండు బేరింగ్‌ఫ్రిక్షన్లు పెడితే, షాఫ్ట్ ఆగిన క్షణంలో ఏ బేరింగ్ ఎంత టార్క్ మోస్తోందో సమీకరణాలు తేల్చలేవు. సాల్వర్ (సమీకరణాలు లెక్కగట్టే భాగం) అక్కడే ఆగిపోతుంది. రెండింటి టార్క్ కలిపి ఒకే భాగంలో ఇవ్వండి. షాఫ్ట్ మెలి కూడా కావాలంటే జడత్వాన్ని రెండుగా విడగొట్టి, మధ్యలో స్ప్రింగ్‌డ్యాంపర్ పెట్టండి. గేర్‌బాక్స్ ఉంటే మరో జాగ్రత్త. ‘లాసీగేర్’ నష్టాల పట్టికలో బేరింగ్ రాపిడికి వేరే నిలువు వరసలున్నాయి. అక్కడా ఇచ్చి, బయట ఇంకో బేరింగూ పెడితే ఒకే నష్టం రెండుసార్లు పడుతుంది.

హీట్ పోర్ట్ ఆన్ చేస్తే రాపిడి వేడి బయటికి వస్తుంది, దానికి థర్మల్ భాగాలు తగిలించి హౌసింగ్ ఎంత వేడెక్కుతుందో చూడొచ్చు. అయితే వేడెక్కినందుకు రాపిడి తనంతట తాను తగ్గదు. మే నెల మధ్యాహ్నానికి, జనవరి తెల్లవారుకి వేర్వేరు పట్టికలు ఉంచుకుంటాను.

లోడు మీద నడిచే ఎలివేటర్‌కి మోటారు ఎంచడమే మీ పని అయితే బేరింగ్ మీద ఇంత శ్రమ అక్కర్లేదు. నెమ్మదిగా తిరిగే హెడ్ షాఫ్ట్‌లో (ఎలివేటర్ పై కొన షాఫ్ట్) ఆ నష్టం లెక్కలోకి రాదు. వేగంగా తిరిగే పాలిషర్ షాఫ్ట్, ఖాళీగా తిరిగేటప్పటి కరెంటు, ఆగడానికి పట్టే సమయం, మొదటి స్టార్టు: వీటికి మాత్రం పట్టిక జాగ్రత్తగా కట్టండి. సాఫ్ట్‌వేర్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ చాలు. నేర్చుకోవడానికి ఐఐటీ బొంబాయి ఫోసీ ప్రాజెక్టు (చదువులో ఉచిత సాఫ్ట్‌వేర్ వాడకాన్ని ప్రోత్సహించేది) పాఠాలు ఉన్నాయి. విజయనగరం, రాజాం వైపు మెకానికల్ చదివే పిల్లలు అడిగితే వాటితోనే మొదలుపెట్టమంటాను.